పంచాయతీ బల్లపై ల్యాప్‌టాప్: ప్రత్యేక మీటల వినియోగము
(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రహదారులను గూర్చియో, మంచినీటి పథకములను గూర్చియో, ఇంటి పన్ను వసూలును గూర్చియో మేము మాట్లాడుదుమని మీరు తలచి యుందురు. నేడు మేము ఎన్నుకొన్న విషయము చూచుటకు అంత పెద్దది కాదు. మూరెడు పొడవైనను లేని వస్తువును గూర్చినది. పంచాయతీ కార్యాలయమున బల్లపై నుండు ల్యాప్‌టాప్ కీబోర్డును గూర్చియు, అందు అక్షరములును అంకెలును కాక మిగిలిన ప్రత్యేక మీటలను గూర్చియు మీతో ముచ్చటింప దలచితిమి.

వస్తువు చిన్నదే కాని, దాని వెనుక నున్న ప్రశ్న చిన్నది కాదు. ఆ ప్రశ్న ఇది: ఊరి లెక్క ఎవరి చేతిలో ఉన్నది?

పూర్వము గ్రామములలో కరణము దస్త్రము వ్రాసెడివాడు. చదువు రాని రైతు ఆయన చూపిన చోట వేలిముద్ర వేసెడివాడు. కరణము ధర్మాత్ముడైనచో రైతు అదృష్టము. కానిచో రైతు ఖర్మము. వంశపారంపర్య గ్రామోద్యోగములు ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దైనవి. నేడు దస్త్రము కాగితమును విడిచి తెర మీదికి వచ్చినది. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టలులో గ్రామ ప్రణాళికయు, పద్దులును ఎక్కుచున్నవి. ఆర్థిక సంఘము నిధుల చెల్లింపును ఒకరు తయారు చేయవలెను, మరియొకరు సరిచూచి ఆమోదింపవలెను, ఇరువురును డిజిటల్ సంతకము చేయవలెను. ఇది పద్ధతి.

ఈ పద్ధతిలో ప్రాణమంతయు ‘సరిచూచి’ అను మాటలో ఉన్నది. సరిచూడవలసిన వారు తెర వంక చూచి, “నాకేమి తెలియును నాయనా, నీవే నొక్కు” అని ఆపరేటరుకు అప్పగించినచో, ఆనాటి వేలిముద్రకును ఈనాటి ఈ మాటకును భేదమేమి? ఆపరేటరులుగా పనిచేయు యువతీయువకులపై మాకు అనుమానము లేదు. వారిలో అనేకులు పగలనక రాత్రియనక శ్రమించుచున్నారు. అయినను, సరిచూచువారు లేని చోట ఎంత మంచివారి చేతనైనను పొరపాటు జరుగును. కావున సభ్యులు టైపు నేర్వవలెనని మేము కోరుట లేదు. కీబోర్డు ముందు కూర్చుండి తెరపై నున్నది తామే చూచుకొనగల పాటి తెలివిడి సంపాదింపవలెనని మాత్రమే కోరుచున్నాము. అందులకు పదునైదు, ఇరువది మీటల పరిచయము చాలును.

ఈ కీబోర్డు పుట్టుక టైపు యంత్రము నుండి జరిగినది. 1874లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన షోల్స్, గ్లిడెన్ల యంత్రము ఆంగ్లమున పెద్ద అక్షరములను మాత్రమే అచ్చువేసెడిది. 1878లో వెలువడిన రెమింగ్టన్ రెండవ నమూనా యంత్రమునకు ఒక క్రొత్త మీటను అమర్చిరి. దానిని నొక్కగనే కాగితమును మోయు బండి కొంచెము జరిగి, చిన్న అక్షరమునకు బదులు పెద్ద అక్షరము పడెడిది. జరుపునది గనుక దానికి ‘షిఫ్టు’ అని పేరు వచ్చినది. నేటి ల్యాప్‌టాప్‌లో జరుగు బండి లేదు. పేరు మాత్రము నిలిచినది.

మీటలను రెండు తరగతులుగా విభజించి చూచినచో గుర్తుంచుకొనుట సులభము. మొదటి తరగతి మీటలు ఒంటరిగా పనిచేయును. ‘ఎంటర్’ వానిలో ఒకటి. రెండవ తరగతి మీటలు తమంత తాము దాదాపు ఏమియు చేయవు. వేరొక మీటతో కలిసినప్పుడే వాని శక్తి తెలియును. షిఫ్టు, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్‌ఎన్, నాలుగు గడుల కిటికీ బొమ్మ గల విండోస్ మీట ఈ తరగతికి చెందినవి. ఇది మన గుణింతము వంటిదే. కొమ్ము ఒంటరిగా ఒక అక్షరము కాదు. ‘క’ను చేరినప్పుడు ‘కు’ అగును, ‘మ’ను చేరినప్పుడు ‘ము’ అగును. అట్లే కంట్రోల్ మీట ఒక్కొక్క అక్షరముతో చేరి ఒక్కొక్క పని చేయును. పట్టువిడుపు లొక్కటే తెలిసికొనవలెను: మొదటి మీటను నొక్కి పట్టియుంచి, రెండవ దానిని ఒక్కమారు తాకి, రెండింటిని విడువవలెను. రెండింటిని ఒకేమారు బాదినచో పని కాదు.

ఇక ఒక్కొక్క మీటను గూర్చి చెప్పెదము. మేము చెప్పునవి విండోస్ పద్ధతిపై నడచు ల్యాప్‌టాప్‌లకు వర్తించును.

మొదట క్యాప్స్ లాక్. దీనిని ఒకమారు నొక్కిన పిదప, మరల నొక్కువరకు ఆంగ్లాక్షరము లన్నియు పెద్దవిగానే పడును. ఒక గ్రామమునకు మేము పోయినప్పుడు జరిగిన సంగతి మీకు చెప్పవలెను. మరునాడు గ్రామసభ. పనుల జాబితాను తీయుటకై కార్యదర్శి సెలవులో నుండగా మరియొక ఉద్యోగి కూర్చుండెను. పాస్‌వర్డు సరియైనదే వ్రాసికొని యున్నాడు. మొదటిమారు తప్పన్నది; రెండవమారు తప్పన్నది; మరి కొన్నిమార్లకు పోర్టలు తలుపు మూసికొన్నది. పాస్‌వర్డునందలి అక్షరములు తెరపై చుక్కలుగా కనబడును గనుక, పెద్ద అక్షరములు పడుచున్నవని ఎవరికిని తెలియలేదు. క్యాప్స్ లాక్ మీటపై చిన్న దీపము వెలుగుచునే యున్నది. దాని వంక చూచినవారు లేరు. మరునాడు జాబితా లేకయే సభ జరిగినది. కూలి మానుకొని వచ్చినవారు, తమ వీధి కాలువ పేరు అందున్నదో లేదో తెలియకయే తిరిగిపోయిరి. ఒక దీపమును చూడకపోవుటకు ఇంత ఫలితము. పాస్‌వర్డు తప్పని వచ్చినచో రెండవమారు కొట్టుటకు ముందు ఆ దీపమును చూడుడు.

క్యాప్స్ లాక్‌కు తోడు నమ్ లాక్ అను మీట గలదు. కుడివైపున ప్రత్యేకముగా అంకెల గడులున్న ల్యాప్‌టాప్‌లలో ఇది ఆ గడులను పనిచేయించును. అంకె కొట్టినను పడక, కర్సర్ అటునిటు పరుగెత్తుచున్నచో నమ్ లాక్ ఆరియున్నదని తెలియవలెను. పద్దులు ఎక్కించువారికి ఇది ముఖ్యము.

పై వరుసలో ఎఫ్1 మొదలు ఎఫ్12 వరకు గల మీటలపై చిన్న చిన్న బొమ్మలుండును. సూర్యుని బొమ్మ తెర వెలుగును పెంచును, తగ్గించును. బాకా బొమ్మ శబ్దమునకు సంబంధించినది. విమానము బొమ్మ గల మీటను నొక్కినచో వైఫై మొదలగు తీగలేని సంబంధములన్నియు తెగిపోవును. వ్రేలితో రాయు పలక బొమ్మ, ఆ పలకను పనిచేయకుండ ఆపును. ఏ బొమ్మ ఏ మీటపై నుండునో తయారుచేయు కంపెనీని బట్టి మారును గనుక సంఖ్యను కాదు, బొమ్మను చూడవలెను. కొన్ని యంత్రములలో బొమ్మ పని జరుగుటకు ఎఫ్‌ఎన్ మీటను కూడ పట్టుకొనవలెను, కొన్నింట అక్కరలేదు. “నెట్టు రాలేదు”, “బాణపు గుర్తు కదలుట లేదు” అని మండల కేంద్రము నుండి మెకానిక్కును పిలిపించుటకు ముందు ఈ రెండు బొమ్మలను పరీక్షించి చూచినచో అనేక పర్యాయములు రాకపోకల ఖర్చు మిగులును.

గ్రామసభలో ప్రొజెక్టరు పెట్టి జనులందరికి లెక్కలు చూపదలచినచో విండోస్ మీటతో ‘పి’ని నొక్కవలెను. ల్యాప్‌టాప్ తెరను గోడపైకి పంపు మార్గములు కనబడును. నలుగురు సభ్యులు మాత్రమే చూచు లెక్క నాలుగు వందల మంది కనులకు కనబడుటకు ఈ రెండు మీటలు చాలును.

ఇప్పుడు కంట్రోల్ మీటను గూర్చి. కంట్రోల్‌తో ‘ఎస్’ వ్రాసిన దానిని భద్రపరచును. తీర్మానము వ్రాయుచున్నప్పుడు ప్రతి పేరాకు ఒకమారు దీనిని నొక్కు అలవాటు మంచిది. పాత బ్యాటరీ ఎప్పుడు చేయిచ్చునో చెప్పలేము. కంట్రోల్‌తో ‘జెడ్’ ఇప్పుడే చేసిన పొరపాటును వెనుకకు తీయును. పేరా అంతయు మాయమైనచో కంగారుపడి మరి కొన్ని మీటలు నొక్కక, మొదట దీనిని నొక్కుడు. కంట్రోల్‌తో ‘సి’ నకలు తీయును, ‘ఎక్స్’ కత్తిరించును, ‘వి’ కోరిన చోట అతికించును. కంట్రోల్‌తో ‘పి’ అచ్చునకు పంపును.

సభ్యులు తప్పక నేర్వవలసినది కంట్రోల్‌తో ‘ఎఫ్’. ఇది వెదకు మీట. వందల పేర్లు గల లబ్ధిదారుల జాబితా తెరపై నున్నది. మీ వార్డులోని ఒక వితంతువు పేరు అందున్నదా యని ఆమె మిమ్ము అడిగినది. ఆపరేటరు “లేదమ్మా” అన్నచో మీరును లేదనవలసినదేనా? కంట్రోల్‌తో ‘ఎఫ్’ నొక్కి పేరు వ్రాయుడు. ఉన్నచో యంత్రమే ఆ చోటికి తీసికొని పోవును. ఇందు రెండు జాగ్రత్తలు గలవు. పేర్లు ఆంగ్లమున ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిగా వ్రాయుదురు గనుక, పూర్తి పేరునకు బదులు మొదటి మూడు నాలుగు అక్షరములను వెదకుట మేలు. కాగితమును ఫొటోగా తీసి ఎక్కించిన జాబితాలో ఈ మీట సామాన్యముగా పనిచేయదు. అచ్చట కనులతోనే చదువవలెను. ఏమైనను, “లేదు” అను మాటను వెదకిన పిమ్మటనే చెప్పవలెను.

మేలు చేయు మీటలతోబాటు కీడు చేయగల మీటలను గూడ తెలిసికొనవలెను. ఎఫ్5 తెరపై నున్న పుటను తిరిగి తెప్పించును. వార్త చదువునప్పుడు ఇది మంచిదే. దరఖాస్తు సమర్పించు వేళను గాని, సొమ్ము చెల్లింపు వేళను గాని, తెర మెల్లగా కదలుచున్నదని దీనిని నొక్కినచో అదే సమాచారము రెండవమారు పోవు ప్రమాదము గలదు. మరల పంపుదునా యని హెచ్చరిక వచ్చినచో చదువక సరే యనరాదు. డిలీట్ మీటతో తొలగించిన ఫైలు సామాన్యముగా చెత్తబుట్టలో నుండును, తిరిగి తీసికొనవచ్చును. షిఫ్టును పట్టి డిలీట్ నొక్కినచో బుట్టకైనను పోక అదృశ్యమగును. పంచాయతీ దస్త్రములపై ఈ జంటను ఉపయోగింపకుండుట శ్రేయము.

తెర కదలక మొరాయించినప్పుడు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడింటిని కలిపి నొక్కుదురు. 1981లో వెలువడిన ఐబిఎం పర్సనల్ కంప్యూటరు కొరకు డేవిడ్ బ్రాడ్లీ అను ఇంజనీరు ఈ కూటమిని ఏర్పరచెను. ఆనాడు అది యంత్రమును ఆపి మరల మొదలిడుటకు ఉద్దేశింపబడినది. పొరపాటున జరుగకుండుటకే దూరదూరముగా నున్న మీటలను ఎన్నుకొనిరి. నేడు అది ఒక ప్రత్యేకమైన తెరను చూపును; అందుండి మొరాయించిన పనిని మాత్రము ఆపవచ్చును.

ఇన్ని మీటలలో సభ్యులు ఒక్కదానినే గుర్తుంచుకొనెదమని పట్టుబట్టినచో, మేము చెప్పునది విండోస్ మీటతో ‘ఎల్’. ఇది తలుపునకు తాళము వేయుట. రెండు మీటలు తాకగనే తెర మూసికొనును. పాస్‌వర్డు లేక తెరువబడదు. టీ త్రాగుటకు లేచినను, ఎవరో పిలిచిరని వాకిటికి పోయినను ముందు ఈ తాళము పడవలెను. బీరువా తెరచియుంచి వీధిలోనికి పోవు సర్పంచి ఎవరైన గలరా? తెరచిన పోర్టలు తెరచిన బీరువాయే.

డిజిటల్ సంతకము సంగతి ఇంకను గంభీరమైనది. వ్రేలెడంత టోకెను, దానికొక రహస్య సంఖ్య. ఈ రెండింటిని ఆపరేటరు సొరుగులో పెట్టి, సంఖ్యను చీటీపై వ్రాసి తెరకు అంటించిన కార్యాలయములు మా కంటబడినవి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 42వ సెక్షను, సంతకము గలవారు తమ రహస్య కీని తమ అధీనమున నుంచుకొనుటకు తగిన శ్రద్ధ వహింపవలెనని విధించుచున్నది. రేపు ఆడిటు వచ్చినప్పుడు సంతకము ఎవరి పేర నున్నదని చూతురే కాని, మీట ఎవరి వ్రేలు నొక్కినదని చూడరు.

ఈ సందర్భమున మహిళా సర్పంచులకు ఒక మనవి. రెండు తెలుగు రాష్ట్రములందును పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. కుర్చీ మీది, సంతకము మీది. మీ టోకెను మీ భర్తగారి జేబులో నుండుట వారిపై మీకు గల గౌరవమునకు గుర్తు కావచ్చును. కాని ఓటు వేసిన గ్రామమునకు అది సమాధానము కాదు. ఇంటి బీరువా తాళములు మీ కొంగున భద్రముగా నుండును. ఊరి తాళము అంతకంటె బరువైనది కాదు.

తెలుగున వ్రాయుటను గూర్చి. తీర్మానములు ప్రజలు చదువుకొను భాషలో నుండవలెను. యంత్రమున తెలుగు కీబోర్డును ఒకమారు అమర్చుకొన్నచో, విండోస్ మీటతో స్పేస్ పట్టీని నొక్కి ఆంగ్లము నుండి తెలుగునకు, తెలుగు నుండి ఆంగ్లమునకు మారవచ్చును. భారతీయ భాషల కొరకు ఏర్పడిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతి వైపు, హల్లులలో ఎక్కువ భాగము కుడిచేతి వైపు నుండును. ఆంగ్ల ‘కె’ మీట ‘క’ను, ‘డి’ మీట పొల్లును ఇచ్చును. క, పొల్లు, క వరుసగా కొట్టినచో ‘క్క’ యగును. బడిలో ఒత్తులు నేర్చినవారికి ఇది కష్టము కాదు.

రూపాయి గుర్తు కొరకు పలువురు అడుగుచున్నారు. 2010 జూలై 15న కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన ఆ గుర్తును అనేక ల్యాప్‌టాప్‌లలో 4 అంకె గల మీటపై ముద్రించి యున్నారు. ‘ఇంగ్లీషు, ఇండియా’ అను కీబోర్డును ఎన్నుకొని, కుడివైపు ఆల్ట్‌ను పట్టి 4ను తాకినచో ₹ పడును.

చూపు తగ్గినవారును, చేయి వణకువారును అధైర్యపడ నక్కరలేదు. విండోస్ మీటతో కూడిక గుర్తును నొక్కినచో తెరపై నున్నది భూతద్దములో వలె పెద్దదగును. విండోస్ మీటతో ఎస్కేప్ నొక్కినచో మామూలగును. రెండు మీటలను ఒకేమారు పట్టలేనివారు షిఫ్టును వరుసగా 5 మార్లు తాకి, వచ్చిన ప్రశ్నకు సరే యన్నచో, ఒక మీట తరువాత మరియొక మీటను విడివిడిగా నొక్కవచ్చును. ఒంటిచేతితో జీవించు సభ్యునికి గూడ ఈ యంత్రముపై హక్కున్నదని దీని భావము.

సోదరీ సోదరులారా, వినినంత మాత్రమున విద్య రాదు. మీరు ఊరికి పోయిన పిమ్మట మూడు పనులు చేయుడని మా ప్రార్థన. నేడు చెప్పిన మీటలను ఒక అట్టపై తెలుగున వ్రాసి ల్యాప్‌టాప్ ఎదుటి గోడకు తగిలింపుడు. పాస్‌వర్డును మాత్రము ఆ అట్టపై వ్రాయకుడు. ప్రతి సమావేశమునకు ముందు పావుగంట, ఒక్కొక్క సభ్యుడు వంతుల ప్రకారము కూర్చుండి ఒక తీర్మానమును తెరచి చదువవలెను. ఆపరేటరు ప్రక్కన నిలిచి చూపవలెను, చేయి పెట్టరాదు. చెల్లింపులను ఆమోదించు అధికారము గలవారు ఎవరికి, ఎంత, ఏ పనికి అను మూడు సంగతులను తెరపై తామే చదివిన పిదప తమ వ్రేలితోనే మీట నొక్కవలెను.

మొదటి దినమున వ్రేలు తడబడును. నాగలి పట్టిన మొదటి దినమున చాలు వంకర పోలేదా? ఎఫ్, జె అక్షరముల మీటలపై చిన్న గీతలు తడిమి చూచినచో తగులును. చూపుడు వ్రేళ్లను అచ్చట నుంచినచో తక్కిన వ్రేళ్లు తమ చోటును తామే కనుగొనును. అచ్చట నుండి మొదలిడుడు.

 బయట బల్లపై ల్యాప్‌టాప్‌లు సిద్ధముగా నున్నవి. ఆపరేటరులు నేడు ప్రక్కన నిలిచి యుందురు. దయచేసి మీరే కూర్చుండుడు.